ఎడమ మూల

"నాయన గొంతు మర్చిపోతాండా సామీ," అన్నాడు మౌలాలి.

కదిరి కొండ కింద ఉండే ముసలి ఫకీరు కరీముల్లా సాబు శిష్యుడి గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

మౌలాలి తండ్రి హుసేనప్ప పరుపులు కుట్టి బతికినవాడు. ఆదివారం పొద్దున మాత్రం ఆయన్ని పరుపుల దగ్గర ఎవరూ చూడలేదు. మైదానంలో సాఫ్ట్‌బాల్ ఆడేవాడు. మీసాలు రాని వయసు నుంచి మీసాలు నెరిసేదాకా మైదానం ఎడమ మూలలో బంతులు పట్టే చోటు ఆయనదే. కప్పుల్లేవు, పేపర్లో ఫోటోల్లేవు. బంతి కుట్లు ఊడితే పరుపులు కుట్టే దబ్బనంతోనే కుట్టి తెచ్చేవాడు. ఆయన కంటే బాగా ఆడేవాళ్ళు ఊళ్ళో ఉన్నారేమో గానీ, ఆటని అంతగా ప్రేమించినవాడు లేడు.

ఆకాశానికి లేచిన బంతిని పట్టేసి, అవుటైనవాడికే చెయ్యెత్తి కేక వేసేవాడు: "భలే కొట్నావురా అబ్బీ!" అవుటైనవాడు గెలిచినట్టు నవ్వుకుంటూ పోయేవాడు. అలాంటి మనుషులు కూడా ఉంటారు. నిరుడు రంజాను ముందు ఆయన పోయాడు.

"మాటలు గుర్తుండాయి సామీ. గొంతే రాదు. ఆడన్నా ఇనపడతాదని ఆదివారం గ్రౌండుకు పోతా. ఆ ఆట కూడా సచ్చిపోతాంది. వచ్చేటోళ్ళు తగ్గిపోతాండారు."

"ఎందుకు?"

"ఏమో. అందరికీ ఆయనంటే పానమే."

మరుసటి ఆదివారం సాబు తానే మైదానానికి వచ్చాడు.

ఎడమ మూలలో ఎవరూ లేరు. హుసేనప్ప గ్లవ్‌ని నేలమీద పెట్టి చుట్టూ మల్లెపూలు పరిచారు. ఆయన పోయినప్పటి నుంచీ అక్కడ ఎవరూ నిలబడరు. అంతవరకూ బాగానే ఉంది. కానీ బ్యాటు పట్టిన ప్రతివాడూ నడుం మెలితిప్పి మరీ కుడివైపే కొడుతున్నాడు. ఒకాయన కొట్టింది పొరపాటున అటు దొర్లితే, వెళ్ళి గ్లవ్‌కి దండం పెట్టి బంతి తెచ్చుకున్నాడు. ఎవరూ అరవడం లేదు. దర్గాలో ఉన్నంత నిశ్శబ్దం.

సాబు కాసేపు చూసి, లుంగీ ఎగ్గట్టి లేచాడు.

"ఆ కట్టె ఇట్లియ్యి."

హుసేనప్ప జతగాడు ఓబులేసు తడబడుతూనే మెల్లగా బంతి విసిరాడు. తగల్లేదు. నవ్వవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. మళ్ళీ విసిరాడు. ఈసారి తగిలింది. బంతి ఎత్తుగా లేచి ఎడమ మూలకే పోయింది.

"సామీ, ఆడికి కాదు!" అని ఓబులేసు గొంతు చించుకున్నాడు.

అందరూ కొయ్యబారిపోయారు. మైదానం మధ్యలో ఉన్న మౌలాలి మాత్రం తలెత్తి బంతినే చూస్తూ పరిగెత్తాడు. పరిగెత్తాలని అతను అనుకోలేదు. కాళ్ళ కింద మల్లెపూలు నలిగాయి. రెండు చేతులూ చాచి, మోకాళ్ళమీద పడి, బంతిని పట్టేశాడు. పట్టిన చేతిని పైకెత్తాడు.

"భలే కొట్నావురా అబ్బీ!"

గురువుగారినే పట్టుకుని 'అబ్బీ' అన్నానని కూడా అతనికి తట్టలేదు. హుసేనప్ప గొంతే విన్నట్టు మైదానమంతా ఆ మూలకేసి తిరిగింది. ఓబులేసు తలగుడ్డతో మొహం కప్పుకున్నాడు. మౌలాలి లేవలేకపోయాడు. కన్నీళ్ళు జారుతుంటే, ఆ కేక ఇంకా అక్కడే ఉన్నట్టు గాలిలోకి చూస్తూ ఉండిపోయాడు.

సాబు బ్యాటు కింద పెట్టాడు.

"నేను అవుటైపోయినా. తర్వాత ఎవురు?"

ఓబులేసు మొహం తుడుచుకుని వచ్చి బ్యాటు అందుకున్నాడు. ఈసారి నడుం తిప్పుకోలేదు. మౌలాలి బంతిని వెనక్కి విసిరి, తండ్రి గ్లవ్ తీసుకుని, అంటుకున్న పూలు దులిపి చేతికి తొడుక్కున్నాడు.

"ఈడికే కొట్టు మామా!"