కెజియా కడిగిన పీపా

పెళ్ళాడబోయే మనిషి పోయిన భార్యని ఇంకా మరిచిపోలేదు, ఏం చెయ్యాలి అని కెజియా అడిగింది. అడిగింది భీమిలిలో వయొలిన్ నేర్పే అబ్షాలోము మాస్టారిని. ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా పని పురమాయించడం ఆయనకి పాత జబ్బు. చిన్నప్పటినుంచీ ఆయన దగ్గర నేర్చుకుంటున్న కెజియాకి ఆ సంగతి తెలుసు. అయినా అడగక తప్పలేదు. వచ్చే ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన చదవాలంటే, శనివారం సాయంత్రానికల్లా పాస్టరుగారికి ఔననో కాదనో చెప్పెయ్యాలి.

"ఏలియా మంచివాడే మాస్టారూ, నాకూ ఇష్టమే. కానీ చేపల పులుసు తింటే, మరియ ఇందులో మామిడికాయ వేసేదంటాడు. వాన పడితే, మరియకి ఉరుములంటే భయమంటాడు. ఆవిడ అతని మనసులోంచి పూర్తిగా పోయాక చేసుకుంటే నయమేమో."

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "బ్రాందీ మాగిన చెక్క పీపా ఒకటి తెప్పించాను. శనివారం దాన్లో నా బీరు పోద్దాం. అందాకా మీ ఇంట్లో పెట్టుకుని కాస్త చూసుకో," అన్నారు. బార్లీ మొలకెత్తించి ఇంట్లోనే బీరు కాచుకోవడం ఆయన ముచ్చట. చర్చి పెద్దలకి అది బొత్తిగా గిట్టదు. క్రిస్మస్‌కి గ్లాసులతో ముందు వచ్చేదీ వాళ్ళే.

పీపా బిరడా తియ్యగానే గుప్పుమన్న వాసనకి కెజియా ముక్కు మూసుకుంది. ఇంత కంపులో బీరెలా పోస్తారు? ఆమెకి తెలిసిందల్లా ఆవకాయ జాడీ. సోడా కలిపిన మరిగే నీళ్ళు పోసి కుదిపింది, వంపింది, మళ్ళీ పోసింది. ఆపైన జాడీని ఆరబెట్టినట్టే డాబా మీద మండుటెండలో పడేసింది. శనివారానికి వాసన లేదు, చుక్క తడి లేదు. పిచ్చితల్లి, తెగ మురిసిపోయింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు వచ్చి బీరు పోశారు. పోసింది పోసినట్టే చెక్కల సందుల్లోంచి కారి గచ్చంతా పారింది. కెజియాకి ఏడుపొక్కటే తక్కువ.

"వాసన పోవాలని కడిగాను మాస్టారూ."

"ఆ వాసన కోసమే కదమ్మా దీన్ని వెతికి తెచ్చుకున్నాను," అన్నారాయన. కోపం రాలేదు. కష్టపడి కాచిన బీరు కాళ్ళ కింద పారుతుంటే, లుంగీ ఎగ్గట్టి అందులోనే నిలబడి నవ్వారు. "లోపల ఇంకిన బ్రాందీయే చెక్కల్ని బిగించి ఉంచింది. ఎండితే ముడుచుకుపోయి సందులిస్తాయి. నీళ్ళలో నానబెడితే మళ్ళీ బిగుస్తాయిలే. ఆ రుచి మాత్రం రాదు."

కెజియా గుడ్డ తెచ్చి గచ్చు తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఉరుముల మాట చెబుతూ, తనెక్కడ ఉలిక్కిపడుతుందోనని ఏలియా కిటికీ మూసిన తీరు గుర్తొచ్చింది. అతనంటే ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

"మరి ఇలాంటి పీపాలో ఎప్పుడు పొయ్యాలి మాస్టారూ?"

"తడి ఆరకముందే," అన్నారు మాస్టారు, ఆమె చేతిలో గుడ్డ అందుకుంటూ. "పాస్టరుగారు ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటారు."