కౌసల్య అడిగిన ఐకారం

రామతులసమ్మ గారిని ఏదైనా అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెప్తారు. రాగం గురించి అడిగినవాళ్లు చిక్కుడుకాయలకి ఈనెలు తీశారు. తాళం గురించి అడిగినవాళ్లు పెరట్లో బట్టలు ఆరేశారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుందని పాత శిష్యులు అంటారు. ఉంటే ఉండొచ్చు గాని, ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పాట నేర్చుకుంటున్న కౌసల్యకి మాత్రం ఈ పద్ధతి ఒళ్లు మండిస్తుంది. అడిగినదానికి తిన్నగా చెప్తే ఈవిడ సొమ్మేం పోతుందని అనుకుంటూనే ఇన్నాళ్లూ ఈనెలు తీసింది.

పెద్దాపురంలో ఆవిడ ఇల్లే గురుకులం, శిష్యులకి ఆవిడ అమ్మగారు. ఆ ఏడు ముగ్గురు శిష్యురాళ్లు రాజమండ్రి సభలో కలిసి పాడాలి. కౌసల్య పెద్దది కాబట్టి మూడు గొంతులూ ఒకటి చేసే బాధ్యత ఆమె నెత్తిన పడింది. రెండోది పొన్ని, తిరునల్వేలి అమ్మాయి, నెలల కూతురు కుయిలిని చంకనేసుకుని వచ్చింది. మూడోది మాల్తీ, మీరట్ నుంచి వచ్చింది. చూసిన సంబంధం కాదని బయల్దేరినందుకు ఆమె తండ్రి గుమ్మంలోనే చెప్పేశాడు: మధ్యలో వదిలేసి తిరిగొచ్చావంటే ఈ ఇంట్లో మళ్లీ గొంతెత్తడానికి వీల్లేదని. ఆ సంగతి గురుకులంలో అందరికీ తెలుసు.

పాడవలసిన కీర్తన అమ్మగారు కట్టిందే. "దైవమా" అని ఎత్తుకుంటుంది. ఆ "దై" మీద తాళం ఒక చుట్టు తిరిగేదాకా గొంతు నిలబడాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. కౌసల్య "అ" మీద హాయిగా కూర్చుని ఆఖర్న "ఇ"లోకి వాలుతుంది. తెలుగు నోరు అలాగే వాలుతుంది. పొన్ని నోట మొదటినుంచీ "దెయ్" అనే వస్తుంది, వాళ్ల ఊళ్లో దేవుడు దెయ్వమే మరి. మాల్తీ దగ్గర వాలడమన్నదే లేదు. "అ"కీ "ఎ"కీ మధ్య ఒకచోట నిలబడి అక్కణ్ణించి కదలదు, వాళ్లవైపు అది ఒకే ధ్వని. ముగ్గురూ కలిసి ఎత్తుకుంటే మూడు ఊళ్ల ఎడ్లని ఒక్క బండికి కట్టినట్టుండేది.

కౌసల్య ఊరుకోలేదు. బల్ల మీద వేలితో కొడుతూ, ఆరో దెబ్బకి అందరూ "అ" వదిలేసి "ఇ" పట్టుకోవాలని శాసనం చేసింది. వదిలారు, పట్టుకున్నారు. పాట సరిగ్గా అక్కడే విరిగింది. వారం రోజులు విరుగుతూనే ఉంది. ఆ వారంలో ఆమె మాల్తీ పక్కన కూర్చుని అన్నం తినడం కూడా మానేసింది.

చివరికి ఒక ఉదయం, అమ్మగారు బియ్యం ఏరుకుంటుంటే వెళ్లి ఎదురుగా చతికిలపడింది. "అమ్మగారూ, ఐకారం ఒక ధ్వనా, రెండా? రెండయితే మొదటిది ఎక్కడ ఆగాలి, రెండోది ఎక్కడ అందుకోవాలి? సంధ్యక్షరం అని పేరైతే పెట్టారు గాని, ఆ సంధి ఏ దెబ్బ మీదో ఒక్కరూ చెప్పి చావలేదు."

అమ్మగారు వడ్లగింజ ఒకటి తీసి పక్కన పెట్టారు.

"మాల్తీకి ఇది ఈ జన్మకి రాదండి. పంపించెయ్యండి. నేనూ పొన్నీ పాడుకుంటాం."

"నువ్వు గేటు అంటావు కదే," అన్నారు అమ్మగారు. "ఇంగ్లీషువాళ్లు ఆ 'ఏ'ని తీసుకెళ్లి చివర్న 'ఇ'లో దింపుతారు. నువ్వు 'ఇ' దాకా పోకుండా మధ్యలోనే దింపేస్తావు. అందుకని నిన్నెవరూ రైలెక్కించి పంపలేదే?"

"గేటుని నేను సభలో పాడట్లేదండి."

అమ్మగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. "సరే, సాయంత్రం బండి ఉంది. పెట్టె సర్దుకోమని చెప్పు," అని చాట దులిపేశారు. కాసేపైనా వాదిస్తారని వచ్చిన కౌసల్యకి ఏం చెయ్యాలో తోచలేదు. కోరింది దొరికిందన్న సంతోషం మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. కబురు విన్న మాల్తీ ఎందుకని అడగలేదు. బట్టలు మడిచి, రేకు పెట్టె తెచ్చి హాల్లో గుమ్మం పక్కన పెట్టింది.

ఆ రోజే కుయిలికి పళ్లు వస్తున్న బాధ మొదలైంది. పొద్దుటినుంచీ ఒకటే ఏడుపు. మధ్యాహ్నం దాటాక ఎప్పటికో తల్లి భుజం మీద పడి నిద్రపోయింది. పొన్ని అప్పటికి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

"కౌసల్యా, పిల్లని అందుకో. పొన్ని నాలుగు ముద్దలు తింటుంది," అన్నారు అమ్మగారు.

ఇదిగో, మళ్లీ పని. కౌసల్య పొన్ని ఎదుట నిలబడి చేతులు చాచింది. "నేను ఒకటి, రెండు, మూడు అంటాను. మూడుకి నువ్వు వదులు, నేను పట్టుకుంటాను," అంది. పొన్ని బుద్ధిగా మూడుకి వదిలింది. కౌసల్యా మూడుకే పట్టుకుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసిలో పిల్లకి మెలకువ వచ్చి ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది.

"లెక్క సరిగ్గానే ఉంది కదండీ," అంది కౌసల్య, ఏడుపు ముఖంతో. పొన్ని ఆకలితోనే మళ్లీ పిల్లని భుజానేసుకుని హాలంతా తిరిగింది. ఈసారి నిద్రపుచ్చి గోడకి చేరగిలబడింది.

అప్పుడు మాల్తీ లేచింది. పొన్నిని చాప మీద కూర్చోబెట్టి, భుజానికి భుజం ఆనేలా తనూ కూర్చుంది. పొన్ని చేతి కింద తన చెయ్యి చేర్చి ఊరికే ఉంది. లాక్కోలేదు, తొందరపడలేదు. కొంతసేపు పిల్ల బరువు ఇద్దరి మీదా ఉంది. పొన్ని చెయ్యి ఎప్పుడు జారుకుందో కౌసల్య కళ్లప్పగించి చూస్తూ కూడా పట్టుకోలేకపోయింది. పొన్ని వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల మాల్తీ ఒళ్లో అడ్డంగా పడుకుని ఉంది. భుజం మీద నిటారుగా ఎత్తుకోవడం పొన్ని అలవాటు, మోకాళ్లు ఊపుతూ ఒళ్లో పడుకోబెట్టడం మాల్తీ అలవాటు. పిల్లకి ఆ తేడా పట్టలేదు.

"మాల్తీకి బండి వేళవుతోంది. ఇప్పుడు నువ్వు అందుకో," అన్నారు అమ్మగారు.

వారంగా దూరంగా ఉన్న కౌసల్య వచ్చి మాల్తీ పక్కన కూర్చుంది. వేరే దారి లేదు, పిల్లని దూరం నుంచి అందుకోవడం ఎలా ఉంటుందో చూసేసింది. మాల్తీ మోకాళ్ల ఊపు ఆమె మోకాలికి తగిలింది. మొదట చిరాకేసింది, తర్వాత తన కాలూ అలాగే ఊగుతోందని గమనించింది. మాల్తీ చేతులు చల్లగా ఉన్నాయి. పొద్దుటినుంచీ మాల్తీ కూడా ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి కౌసల్యకి సిగ్గేసింది. తల దించి చూసుకునేసరికి కుయిలి తన ఒళ్లో ఉంది.

పొన్ని చెయ్యి కడుక్కుని వచ్చింది. "ఇంకా కాస్త టైముంది. వెళ్లేలోపు ఒక్కసారి పాడండి, పిల్ల లేవకుండా," అన్నారు అమ్మగారు.

దెబ్బ కొట్టడానికి కౌసల్యకి చెయ్యి ఖాళీ లేదు. పిల్ల లేస్తుందన్న భయం కొద్దీ ముగ్గురూ చాలా మెల్లగా ఎత్తుకున్నారు. మెల్లగా పాడినందువల్ల పక్కవాళ్ల గొంతు వినపడింది. కౌసల్య "అ" మీదే ఉంది, పొన్ని "ఎ" దగ్గరే ఉంది, మాల్తీ తన చోట తను నిలబడింది, ఎవరి నోరూ మారలేదు. అయినా మాల్తీ గొంతు తన గొంతుని వదిలిపెట్టట్లేదని కౌసల్యకి తెలిసింది. తనూ వదల్లేదు. అలా ఉండగానే ముగ్గురూ "వమా"లోకి వెళ్లిపోయారు. విరగలేదు. ఎక్కడ దాటారో చెప్పమంటే ఆమె ఇప్పటికీ చెప్పలేదు.

పాట ఆగింది. తర్వాత మాల్తీ పెట్టె కోసం లేచింది.

"ఆ పెట్టె లోపల పెట్టు," అంది కౌసల్య, అటు చూడకుండా. "దారికి అడ్డంగా ఉంది. పెట్టేసి అన్నం తిను."

మాల్తీ పెట్టె ఎత్తుకుని నిలబడిపోయింది. "దీదీ, బండి?"

"దాని మానాన అది పోతుంది. నువ్వు అన్నం తిని రా. నాకు కాలు తిమ్మిరెక్కింది, ఈ పిల్లని నువ్వే అందుకోవాలి."

మాల్తీ పెట్టెతో లోపలికి వెళ్లింది. ఇంత జరిగినా కౌసల్య బుద్ధి కౌసల్యదే. కాలు కదపకుండా తల మాత్రం తిప్పి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మగారూ, ఇప్పుడైనా చెప్పండి. ఐకారం ఒకటా, రెండా?"

అమ్మగారు వంగి పిల్ల ముఖం మీద వాలిన ఈగని తోలారు.

"పడుకుంది కదే. లేపకు."