ఎర్ర దీపం మీద బొట్టు

తుమ్మలకోన అడవి ఒక కొండ నెత్తిన ఉండేది. అక్కడ అడవిదున్నలు, దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, ముళ్ళపందులు, అలుగులు కాపురం చేసుకునేవి. వాటికి కావలసినవన్నీ కొండ మీదే దొరికేవి, ఒక్క ఆసుపత్రి తప్ప. ఆసుపత్రి కొండ కింద, వాగు ఒడ్డున ఉండేది. అక్కడికి వెళ్ళాలంటే పన్నెండు మలుపుల ఘాట్ రోడ్డు దిగాలి. అందుకని ఆ అడవిలో నాలుగు కాళ్ళున్నవాళ్ళు కూడా నాలుగు చక్రాలు కొనుక్కున్నారు.

అడవిదున్న గోవర్ధనానికి ఒక ఎర్ర కారు ఉండేది. అడవి మొత్తం మీద అంత మెరిసే వస్తువు ఇంకొకటి లేదని అతని నమ్మకం. ఆ మాట ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

ప్రతి శుక్రవారం పొద్దున్నే గోవర్ధనం కారు కడిగేవాడు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు భాగానికి నిమ్మకాయలు, మిరపకాయలు దండగా కట్టేవాడు. అగరొత్తులు వెలిగించేవాడు. తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా కారును ముందుకు నడిపేవాడు. నిమ్మకాయలు టప్పుమని చితికితే అతనికి ప్రాణం లేచి వచ్చేది. అంతటితో వారం పనైపోయినట్టే. బానెట్ మాత్రం ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఎత్తితే రంగు మీద గీతలు పడతాయని అతని భయం.

పక్క పుట్ట దగ్గర మాణిక్యమ్మ అనే అలుగు ఉండేది. ఒంటి నిండా పొలుసులు, చిన్న తల, నిదానం మాట. ఆమెకు ఒక పాత బూడిద రంగు కారు ఉంది. దానికి రెండు వైపులా సొట్టలే. ఆమె కూడా శుక్రవారం పూజ చేసేది. ఒక్క బొట్టు, ఒక్క నిమ్మకాయ, ఒక్క దండం. పూజ అయ్యాక అసలు పని మొదలుపెట్టేది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్‌లో నీళ్ళు చూసేది. పుల్ల బయటికి తీసి తుడిచి, మళ్ళీ ముంచి ఇంజను ఆయిల్ ఎంతుందో చూసేది. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద గీత వరకు ఉందో లేదో వంగి చూసేది. టైరు గాడిలో గోరు పెట్టి ఎంత లోతు దిగుతుందో కొలిచేది. స్టెప్నీలో గాలి ఉందో లేదో నొక్కి చూసేది. అప్పుడప్పుడు బంతిలా చుట్టుకుని బండి కిందికి దొర్లి, అటువైపు నుంచి బయటికి వచ్చేది.

గోవర్ధనానికి ఇదంతా చూస్తే నవ్వొచ్చేది.

"అక్కా, బండిని నమ్మాలి. రోజూ నాడి పట్టుకుని చూస్తుంటే బాగున్నది కూడా మంచం పడుతుంది" అనేవాడు.

"నమ్మకం ఉంది తమ్ముడూ. చూశాక ఇంకాస్త ఎక్కువవుతుంది" అనేది మాణిక్యమ్మ.

ఆ ఏడు గోవర్ధనం భార్య నందిని కడుపుతో ఉంది. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకు వచ్చిన కడుపు అది. వానలు మొదలయ్యే వేళకు నెలలు నిండుతాయి. అప్పుడు తన ఎర్ర కారులోనే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాలని గోవర్ధనం ముచ్చటపడ్డాడు. కాన్పు కష్టం కావచ్చనీ, నొప్పులు మొదలవగానే బయలుదేరాలనీ ఆసుపత్రిలో ముందే చెప్పారు.

ఇంతలో ఒకరోజు కారులో స్టీరింగ్ వెనక ఒక ఎర్ర దీపం వెలిగింది. గోవర్ధనం ఇంజను ఆపి, మళ్ళీ తిప్పాడు. దీపం వెలుగుతూనే ఉంది. అతనికి ఏమీ తోచక కొండముచ్చు రంగణ్ణి పిలిచాడు. రంగడు ఎప్పుడూ ఆ కారు పైకప్పు మీదే కూర్చునేవాడు. పైన కూర్చున్నవాడికి లోపలి సంగతి తెలుస్తుందని గోవర్ధనం ఎందుకు అనుకున్నాడో ఎవరికీ తెలియదు.

రంగడు తల లోపలికి పెట్టి చూశాడు.

"ఇది దీపం కాదు బావా, కన్ను. నీ బండిని చూసి ఎవరో కుళ్ళుకున్నారు. ఆ దిష్టి లోపలికొచ్చి కన్ను తెరిచింది."

"మరి ఏం చెయ్యాలి?"

"ఏముంది? దాని నెత్తిన బొట్టు పెట్టు. మూసుకుంటుంది."

గోవర్ధనం ఎర్ర దీపం మీద పసుపు దట్టంగా మెత్తాడు. దాని మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టాడు. దీపం కనబడకుండా పోయింది. సమస్య తీరిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. సమస్య మాత్రం అలా అనుకోలేదు.

వారం తర్వాత మాణిక్యమ్మ అతని ఇంటి ముందు ఆగింది. ఎర్ర కారు వెనక చక్రం దగ్గర నేల మీద చిన్న తడి మరక ఉంది.

"తమ్ముడూ, నీ బండి నుంచి ఏదో కారుతోంది."

"నిమ్మరసం అక్కా. పొద్దున్నే తొక్కించాను కదా."

మాణిక్యమ్మ గోటితో మరకను తాకి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నిమ్మరసం జిడ్డుగా ఉండదు. ఇది బ్రేక్ ఆయిల్‌లా ఉంది. బ్రేకు తొక్కితే కాలు లోపలికి దిగిపోతోందా?"

దిగిపోతోంది. నాలుగు రోజులుగా గోవర్ధనానికి ఆ సంగతి తెలుసు. ఒకసారి తొక్కితే ఆగని బండి రెండోసారి తొక్కితే ఆగుతోంది. అంత ఖరీదైన బండికి బ్రేకు కాస్త మెత్తగా ఉండటం కూడా ఒక సుఖమేనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"లేదక్కా, బాగానే ఉంది" అన్నాడు.

"ఎందుకైనా మంచిది, బండ్లు బాగుచేసే ముళ్ళపంది షెడ్డులో ఒక్కరోజు వదిలెయ్యి. నందినికి నెలలు నిండాయి. ఘాట్ రోడ్డులో ఆటలు కుదరవు."

గోవర్ధనం తల ఊపాడు కానీ బండిని కదపలేదు. ఒక్కరోజు ఇంటి ముందు ఎర్ర కారు కనబడకపోతే అడవి ఏమనుకుంటుంది? గోవర్ధనం బండికి జబ్బు చేసిందనుకోదూ? ఆ ఆలోచనే అతనికి మింగుడు పడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. తొలి వాన మొదలైంది. నందినికి నొప్పులు కూడా అప్పుడే మొదలయ్యాయి.

"ఏమండీ, ఇక ఆగలేను. మాణిక్యమ్మ వదినను పిలవండి. ఆవిడ బండిలో పోదాం."

"ఇంట్లో ఇంత బండి పెట్టుకుని ఆ సొట్టల బండి ఎక్కుతావా? నలుగురూ నవ్వుతారు" అన్నాడు గోవర్ధనం.

నందినికి వాదించే ఓపిక లేదు. ఎక్కి కూర్చుంది. రంగడు కూడా దర్జాగా పైకప్పు మీదికి ఎక్కాడు.

మొదటి మూడు మలుపులూ బాగానే గడిచాయి. నాలుగో మలుపు ముందు గోవర్ధనం బ్రేకు తొక్కాడు. కాలు నేరుగా అడుగుకు తగిలింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అడుగే తగిలింది. బండి ఆగలేదు సరికదా, వాలులో ఇంకా జోరందుకుంది.

పైనుంచి "బావా, జాగ్రత్త!" అన్న కేక వినిపించింది. రంగడు అప్పటికే పక్కనున్న చెట్టు కొమ్మ పట్టుకున్నాడు.

నందిని భయంతో ముందుకు వంగి, స్టీరింగ్ వెనక చెయ్యి ఆనించింది. ఆమె చెమట చేతికి పసుపూ కుంకుమా అంటుకుని వచ్చాయి. కింద, బ్రేకు పాడైందని చెప్పే ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

"ఏమండీ, ఇదేమిటి?"

చిరుతపులి ఎదురుపడినా వెనకడుగు వెయ్యని గోవర్ధనం ఆ రోజు భయపడ్డాడు. తన కోసం కాదు. పక్కన నందిని ఉంది, ఆమె కడుపులో బిడ్డ ఉంది. మలుపుకు అవతల లోయ ఉంది.

అతను గేరు కిందికి లాగాడు. ఇంజను గట్టిగా అరిచింది, బండి కాస్త నెమ్మదించింది. ఇంకో గేరు తగ్గించాడు. హ్యాండ్ బ్రేకు మెల్లమెల్లగా పైకి లాగుతూ స్టీరింగును కొండ వైపుకు తిప్పాడు. ఎర్ర రంగు పొడవునా బండరాయికి రాసుకుంది. ముందు చక్రం రోడ్డు పక్క కాలువలో దిగబడి, ఇరుసు విరిగి, బండి ఆగింది. లోయ ఇంకా పది అడుగుల దూరంలో ఉంది.

"నందినీ, దెబ్బ తగిలిందా?"

"లేదు. కానీ నొప్పులు ఎక్కువవుతున్నాయి."

గోవర్ధనం వానలోకి దిగి, భుజం ఆనించి కారును నెట్టాడు. ఎంత దున్నబలమైనా విరిగిన ఇరుసును ఏం చేస్తుంది? లోపల నందిని మూలుగుతోంది. అతను మళ్ళీ లోపలికి వచ్చి హారన్ మీద తల ఆనించి ఏడ్చాడు. హారన్ కొండంతా మోగింది.

కాసేపటికి పైమలుపులో రెండు దీపాలు కనిపించాయి. చెట్టు దిగిన రంగడు మాణిక్యమ్మ ఇంటికి పరుగెత్తాడట. అతను ఆ రోజు చేసిన మంచిపని అదొక్కటే. బూడిద రంగు కారు చిన్న గేరులో, తొందర లేకుండా దిగి వచ్చి, వాళ్ళ పక్కన నిలబడింది.

మాణిక్యమ్మ నందినిని వెనక సీటులో పడుకోబెట్టి, గోవర్ధనాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇద్దరినీ ఎక్కించుకోలేను తమ్ముడూ. మీ ఇద్దరి బరువుకు ఈ వాలులో నా బ్రేకులు కూడా పట్టవు. నువ్వు నడిచి రా."

అలా అన్నాక కూడా ఆమె వెంటనే ఎక్కలేదు. బండి చుట్టూ తిరుగుతూ నాలుగు టైర్లనూ తట్టి చూసింది.

"వెనక నిలబడు. బ్రేకు తొక్కుతాను. దీపాలు వెలుగుతున్నాయో లేదో చెప్పు" అంది.

"నందిని అంత బాధపడుతుంటే దీపాలు చూస్తావా అక్కా?"

"అందుకే చూస్తున్నాను. వానలో వెనక వచ్చేవాడికి నేను కనబడాలి కదా."

గోవర్ధనం వెళ్ళి బండి వెనక నిలబడ్డాడు.

"వెలిగాయి అక్కా. రెండూ వెలిగాయి."

బండి కదిలింది. గోవర్ధనం మిగిలిన తొమ్మిది మలుపులూ వానలో నడిచాడు. గిట్టలు జారాయి. ఒకచోట మోకాళ్ళ మీద పడ్డాడు. కింద ప్రతి మలుపు దగ్గరా రెండు ఎర్ర దీపాలు వెలగడం, ఆరడం అతనికి కనిపించింది. అవి వెలిగిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత అవి కూడా కనబడలేదు.

తర్వాత జరిగినవి చాలా ఉన్నాయి. ఎర్ర కారు మళ్ళీ రోడ్డెక్కలేదు. వానలకు ముందు అడవిలోని బండ్లన్నీ మాణిక్యమ్మ పుట్ట ముందు వరుస కట్టడం ఆ మరుసటేడు నుంచే మొదలైంది. ఆమె చూసి సరేనంటేనే బండి ఘాట్ రోడ్డు ఎక్కాలని అడవి కట్టుబాటు చేసుకుంది. వచ్చినవాళ్ళు ఆమెకిష్టమని ఆకుదొన్నెల నిండా చీమలు తెచ్చి ఇచ్చేవారు. ఆమె కాస్త ఒళ్ళు కూడా చేసింది. రంగడు మాత్రం ఇంకో కారు పైకప్పు వెతుక్కున్నాడు. ఇక ఆ రోజు సాయంత్రానికి వద్దాం.

గోవర్ధనం ఆసుపత్రి చేరేసరికి వాన తెరిపిచ్చింది. పుట్టుకతోనే తెల్లకోటు వేసుకున్న కొంగ డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు" అంది.

గోవర్ధనం బురద కాళ్ళతోనే లోపలికి పరుగెత్తాడు. నందిని పక్కన గోధుమ రంగు పిల్ల, పెద్ద చెవులేసుకుని పడుకుని ఉంది. అంత అందమైనదాన్ని అతను ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు అలా ఎన్నిటి గురించో అన్నాడు కానీ, ఈసారి పైకి అనలేదు.

తుమ్మలకోనలో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టగానే నాలుక మీద తేనెచుక్క వేస్తారు. ఎవరు వేస్తే వాళ్ళ బుద్ధులు బిడ్డకు వస్తాయని నమ్మకం. మామూలుగా ఆ చుక్క తండ్రే వేస్తాడు.

"తేనె ఏది నందినీ?" అని అడిగాడు గోవర్ధనం.

"మాణిక్యమ్మ వదిన చేత వేయించేశానండీ."

"నేను వచ్చేదాకా ఆగలేకపోయావా? దారిలోనే ఉన్నాను కదా."

నందిని అతని వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మీరు రాలేదని కాదు. మీరు ఇక్కడే ఉన్నా వదిన చేతే వేయించేదాన్ని."

పిల్ల ఇంకా తీపిని చప్పరిస్తూనే ఉంది. గోవర్ధనం వంగి దాని చెవిని మెల్లగా సర్దాడు.

"మంచి పని చేశావు" అన్నాడు.

నీతి: పూజ మనసుకు ధైర్యమిస్తుంది, తనిఖీ ప్రాణాన్ని కాపాడుతుంది, మొదటిది చేశాం కదా అని రెండోదాన్ని మానేసినవాడు తనవాళ్ళనే ప్రమాదంలోకి నెడతాడు.