ఉరుము మబ్బుల మధ్య సందు

అనగనగా ఒక అడవిలో రెండు మడుగులు, పక్కనే ఒక కొండ. తూర్పు మడుగు గట్టున చెట్టు మీద ఒక గూడబాతుల జంట కాపురం. ఆడదాని పేరు పైడమ్మ, మగడు గవరయ్య. గూట్లో ముగ్గురు పిల్లలు. చేపలు మాత్రం పడమటి మడుగులోనే దొరికేవి.

పైడమ్మకు ఒక విద్య ఉంది. మబ్బులో ఏమీ కనబడకపోయినా, మనసులో దిక్కు పట్టుకుని నేరుగా గూటి మీదికే దిగేది. అడవంతా మెచ్చుకుంది. మెచ్చుకోలు తలకెక్కితే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

ఒకరోజు పడమటి మడుగు నుంచి గొంతు సంచి నిండా చేపలతో బయల్దేరబోతే తూర్పున మబ్బు కమ్మింది. లోపలెక్కడో ఉరుముతోంది.

"కొండ చుట్టూ తిరిగి పోదామే. పొద్దుగూకుతుంది, అంతేగా," అన్నాడు గవరయ్య.

"పిల్లలు పొద్దుట్నుంచి పస్తున్నారయ్యా," అంది పైడమ్మ.

ఒడ్డున ఒక కొంగ ఉంది. అది తూర్పు నుంచే వచ్చింది.

"రెండు ఉరుము మబ్బుల మధ్య సందుందమ్మా. నేను అందులోంచే వచ్చాను," అంది కొంగ.

అది అబద్ధం కాదు. కానీ కొంగ వచ్చి చాలాసేపయింది. రెక్కలు ఆరబెట్టుకుంది, నాలుగు పరిగ చేపలు మింగింది, ఒక కునుకు కూడా తీసింది. ఎప్పుడు చూశావని పైడమ్మ అడగలేదు.

ఇద్దరూ మబ్బులో దూరారు. మొదట చల్లగాలి కొట్టింది.

"వెనక్కి పోదామే," అన్నాడు గవరయ్య.

"ఇంకాస్త దూరమే," అంది పైడమ్మ.

తర్వాత గాలి ఇద్దరినీ పైకి విసిరి కిందికి కుదేసింది.

"నీకు దారి తెలుసు గానీ, దారిలో ఏముందో తెలీదు కదే," అన్నాడు గవరయ్య.

"సందు వచ్చేస్తుంది," అంది పైడమ్మ.

ఈసారి వడగళ్లు పడ్డాయి. సందు ఎప్పుడో మూసుకుపోయింది. పెళ్లాన్ని నమ్మి వెనకే వస్తున్న గవరయ్య ఒక్క కేక వేశాడు. మళ్లీ పలకలేదు.

పైడమ్మ రెక్క విరిగి అడవి నడుమ బండ మీద పడింది. వాన వెలిశాక కొంగ వెతుక్కుంటూ వచ్చింది.

"గవరయ్య ఇక లేడమ్మా," అంది.

పైడమ్మ సంచి తెరిచి చూపింది. "ఈ చేపలు నా పిల్లలకు పెట్టిరా తల్లీ," అని వేడుకుంది.

కొంగ ఒక చేపను ముక్కున కరుచుకుని వెళ్లింది. ఆ చేపతోనే తిరిగొచ్చింది.

"నన్ను చూస్తే నోరు తెరవడం లేదమ్మా. అమ్మ సంచిలోదే కావాలంటున్నారు. చిన్నవాడు తల కూడా ఎత్తడం లేదు."

పైడమ్మ రెక్క లేపబోయింది. అది లేవలేదు. సంచిలో చేపలు ఇంకా నిండుగానే ఉన్నాయి.

నీతి: సందు ఉందన్న పాత కబురు నమ్మి ఉరుము మబ్బుల్లో దూరకూడదు, ఆలస్యమైనా చుట్టు తిరిగి పోయినవాడే ఇల్లు చేరతాడు.