పేరు లేని పిలుపు

అనగా అనగా, నాలుగు పక్కలా నీళ్ళే ఉన్న ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. కాళ్ళు ఆడించడం ఆపు, చెప్తాను. ఆ ఊళ్ళో మగాళ్ళు చీకటితోనే దోనెలేసుకుని సరస్సు మీదికి చేపలకి పోయేవాళ్ళు. తెల్లారేసరికి తిరిగొచ్చేవాళ్ళు.

చలికాలం వచ్చిందంటే ఆ నీళ్ళ మీద మంచు దిగేది. ఎలాంటి మంచనుకున్నావు? చెయ్యి చాపితే అది నీ చెయ్యో ఇంకోళ్ళ చెయ్యో తెలిసేది కాదు. ఇంక దోనెలో ఉన్నవాడికి గట్టు ఎటుందో ఏం తెలుస్తుంది? అందుకని ఇంటికొక ఆడమనిషి గట్టు మీద నిలబడి, ఇత్తడి కంచం మీద గరిటెతో కొడుతూ, తన మనిషిని పేరు పెట్టి పిలిచేది. తల్లి కొడుకుని పిలిచేది, అక్క తమ్ముణ్ణి పిలిచేది. ఎవరి పేరు వింటే వాడు అటు గెడ వేసి దోనె నడిపేవాడు. అందరూ గట్టెక్కాక కంచాలన్నీ ఆగిపోయేవి.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక పిల్ల ఉండేది. పెళ్ళై ఏడాది తిరగలేదు. మొగుడి పేరు మావుళ్ళు. మంచివాడు, పెళ్ళాం మీద చెయ్యెత్తి ఎరగడు. మావుళ్ళు తల్లి గవరమ్మ. ఆవిడే రోజూ గట్టు మీద నిలబడి కొడుకుని పిలిచేది. గొంతు ఎంత పెద్దదంటే అవతలి లంకలో కుక్కలు మొరిగేవి.

ఒకనాడు అన్ని దోనెలూ వచ్చాయి. మావుళ్ళు దోనె రాలేదు.

గవరమ్మ ఆ రోజంతా పిలిచింది. మర్నాడూ పిలిచింది. ఆ తర్వాత గొంతు పోయింది. మనిషి ఇంట్లోకొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మాట లేదు, తిండి లేదు. కోడలు గంజి తాగమంటే మూతి తిప్పుకునేది.

అప్పుడు అచ్చియ్యమ్మే కంచం పట్టుకుని గట్టు మీదికి పోయింది. ఇల్లు చూస్తే నోరు మూసుకున్న అత్త, బయట చూస్తే మంచు. నేనెందుకు బతకాలి, ఎవరికోసం బతకాలి అని దాని గోల. పాపం, చిన్నపిల్ల కదూ.

కంచమైతే కొట్టింది గానీ పేరెలా చెప్తుంది? "ఓ అయ్యా, ఇంటికి రా... ఓ అయ్యా, ఇంటికి రా" అని పిలిచింది.

ఏం నవ్వుతావు? మొగుడి పేరు నోటితో అనకూడదు అప్పట్లో. మీ తాతయ్య పేరు నేనెప్పుడైనా అన్నానా? రేషన్ కార్డుకి పేరడిగితే పక్కింటావిణ్ణి పిలిచి చెప్పించాను. ఆ గుమాస్తా నన్ను మూగదాన్ననుకున్నాడు.

పక్కింటి మంగత్త అది విని పరిగెత్తుకొచ్చింది. "పేరు పెట్టి పిలవ్వే పిచ్చిదానా. ఈ నీళ్ళల్లో పోయినవాళ్ళు శానామంది ఉన్నారు. పేరు లేకుండా పిలిస్తే, పిలిచేవాళ్ళు లేనివాళ్ళంతా తమనే అనుకుంటారు. వచ్చి, ఇక్కడేముందని పిలిచావని అడుగుతారు. మూడుసార్లు అడుగుతారు. మూడోసారికీ చెప్పలేకపోతే నిన్ను తీసుకునిగానీ పోరు" అంది.

అచ్చియ్యమ్మ వినలేదు. సిగ్గు ఒకటి, మొండితనం ఒకటి.

మర్నాడు తెల్లవారుతుంటే మంచులోంచి ఒక ముసలాయన నడిచొచ్చాడు. దోనె లేదు, గెడ లేదు, నీళ్ళ మీంచి నడుచుకుంటూ వచ్చాడు. చలికి అచ్చియ్యమ్మ నోట్లోంచి ఆవిరొస్తోంది. ఆయన నోట్లోంచి ఏమీ రావట్లేదు.

"పిలిచావుగా, వచ్చాను. ఇక్కడేముందమ్మా?" అన్నాడు.

"ఇల్లుంది" అంది అచ్చియ్యమ్మ.

ఆయన వాళ్ళ తాటాకిల్లు ఎగాదిగా చూశాడు. "కిందటి వానకి కురిసినట్టుందే. మాకు కింద ఏ కప్పూ కురవదు" అన్నాడు. అని వెనక్కి పోలేదు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి, అరుగు మాత్రం తడవట్లేదు.

ఊఁ అను. భయమేస్తే నా చెయ్యి పట్టుకో, దుప్పట్లో దూరకు.

ఆ మర్నాడు ఒక ఆడమనిషి వచ్చింది. తల విరబోసుకుని ఉంది, జుట్టులో నాచు. "పిలిచావుగా, వచ్చాను. ఇక్కడేముంది?" అంది.

"నలుగురు మనుషులున్నారు" అంది అచ్చియ్యమ్మ.

"ఉంటే? ఉన్నవాళ్ళు పోతారు, పోయినప్పుడు ఏడుస్తావు. ఏడుస్తూనే ఉన్నావుగా. మాకు కింద ఏడుపు లేదు" అంది ఆవిడ. అని తనూ పోయి ముసలాయన పక్కన కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోరు, కదలరు, కళ్ళార్పరు. ఊళ్ళోవాళ్ళకి వాళ్ళు కనపడలేదు గానీ, ఆ అరుగు ముందునుంచి కోళ్ళు కూడా నడవడం మానేశాయి.

ఇంక కంచం ముట్టుకోవద్దని మంగత్త చేతులు పట్టుకుని బతిమాలింది. అచ్చియ్యమ్మకీ భయంగానే ఉంది. కానీ ఈసారి వచ్చేది ఆయనేమో అన్న ఆశ చావలేదు. మూడోరోజూ వెళ్ళింది, కొట్టింది. "ఓ అయ్యా, ఇంటికి రా."

మంచు రెండుగా విడిపోయింది. దోనె వచ్చింది. దోనెలో మావుళ్ళు. అదే నవ్వు, అదే తలపాగా. అచ్చియ్యమ్మ కంచం గట్టు మీద పడేసి నీళ్ళ అంచుకి పరిగెత్తింది.

"పిలిచావుగా అచ్చీ, వచ్చాను. ఇక్కడేముంది?" అన్నాడు.

ఇంత దుఃఖంలో ఏముందని చెప్తుంది, నువ్వే చెప్పు.

"కింద బాగుంది. పని లేదు, చలి లేదు, ఆకలి లేదు. అక్కడ ఎందుకు బతుకుతున్నావని నిన్నెవరూ అడగరు. రా, దోనెక్కు" అన్నాడు మావుళ్ళు.

అచ్చియ్యమ్మ నీళ్ళలోకి దిగింది. పాదాలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. అప్పుడు నడుం దాకా వచ్చాయి నీళ్ళు. చల్లగా లేవు, అదే వింత. దోనె అంచు మీద చెయ్యి వేసింది. నేనైనా వేసేదాన్నేమో, అంత ప్రేమ మరి.

అప్పుడు వెనకనుంచి, ఇంట్లోంచి, ఒక బొంగురు గొంతు వినిపించింది.

"ఒసే అచ్చియ్యమ్మా, ఆకలేస్తోందే. చద్దన్నం ఏమైనా ఉందా?"

గవరమ్మ. అన్నాళ్ళూ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. చావాలనే పడుకుంది, కానీ కడుపు ఊరుకోలేదు. ఆకలి అలాంటిది తల్లీ, సిగ్గూ దిగులూ చూసుకోదు.

అచ్చియ్యమ్మ చెయ్యి దోనె అంచు మీద అలాగే ఉండిపోయింది. "నువ్వు అన్నం తిని ఎన్నాళ్ళైంది?" అని అడిగింది మొగుణ్ణి. "రోజూ నీకు తీసిపెడుతున్నాను. చేపల పులుసు కూడా. పద, ముందు తిను, తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

మావుళ్ళు నవ్వు పోయింది.

"నాకు ఆకలి లేదు అచ్చీ" అన్నాడు.

అప్పుడు తెలిసింది దానికి. అన్నాళ్ళూ ఎవరు చెప్పినా నమ్మలేదు, ఆ ఒక్క మాటతో తెలిసింది, ఈయన పోయాడని. నీళ్ళు ఒక్కసారిగా చల్లబడ్డాయి. అది బావురుమంది.

"ఇక్కడేముందని అడిగావుగా. ఇక్కడ మీ అమ్మకి ఆకలేస్తోంది. నాకూ వేస్తోంది. ఆకలే లేనిచోట నేనెవరికి వండను? నాకెవరు పెడతారు? నేను రాను" అంది ఏడుస్తూనే. అని, పెళ్ళైనప్పట్నుంచీ అనని పేరు నోరారా అంది. "ఇంక వెళ్ళు, మావుళ్ళూ."

వెళ్ళిరా అనలేదు, వెళ్ళు అనే అంది. ఆయన తలాడించాడు. దోనె మంచులోకి పోయింది.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ తడిచీరతోనే ఇంటికొచ్చి, చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నలిపి అత్త ముందు పెట్టింది. గవరమ్మ లేచి కూర్చుంది. కోడలి తడిచీర చూసింది, ఎర్రబడ్డ కళ్ళు చూసింది. కొడుకు ఇంక రాడని కన్నతల్లికి వేరే చెప్పాలా. ముద్ద నోట్లో పెట్టుకుంది, కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముద్ద దిగుతూనే ఉంది. రెండో ముద్ద కోడలి నోటికి పెట్టింది.

అరుగు మీదివాళ్ళిద్దరూ గుమ్మంలోకొచ్చి నిలబడి ఆ తినడమే చూస్తున్నారు. "మీరూ ఇంత తింటారా?" అంది అచ్చియ్యమ్మ. ముసలాయన నోరు తెరిచాడు, మూశాడు. అంత ఆశగా ఒక ముద్దని చూసిన మనిషి ఉండడు. "తినాలనే ఉందమ్మా, ఆకలి రావట్లేదు" అన్నాడు. ఎండ గుమ్మం మీద పడింది. చూస్తే ఇద్దరూ లేరు.

గవరమ్మ కంచం ఊడ్చుకు తింది. వేళ్ళు నాక్కుంది. చెయ్యి కడుక్కుని, పైటతో మొహం తుడుచుకుని, కోడలి వంక చూసింది.

"మధ్యాహ్నానికేం కూర చేస్తావే?" అంది.

కథ పోయె కంచికి,
మంచు పోయె నీటికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్ర రావె కంటికి.