దొరసాని చేసిన పరిచయం

ఎంత చదివినా, ఎంత కష్టపడినా, దొరసాని నోటినుంచి ఒక్క మెచ్చుకోలు మాట రాబట్టలేకపోయాడు ఆంబ్రోస్. ఆవిడ ఇంట్లోనే ఉండి బొమ్మల విద్య నేర్చుకుంటున్న అతనికి అదే దిగులు.

దొరసాని అంటే లేడీ హొనోరియా. ఇంగ్లండు ఉత్తరభాగంలో, గాలీ గొర్రెలూ తప్ప మరేమీ లేని చోట ఆవిడ భవనం. పుట్టింది ప్రభువుల ఇంట్లో. పొలాలమ్మి బొమ్మలు కొన్నది. తిండికి లేని చిత్రకారులు ఎంతమందో ఆవిడ వంటింట్లో కడుపు నింపుకుని పేరు తెచ్చుకున్నారు. పేరొచ్చాక ఒక్కడూ తిరిగి చూడలేదు. అయినా వాళ్ళ చరిత్రలన్నీ ఆవిడే లావుపాటి పుస్తకాలుగా రాసింది. ఆ ఇంట్లో మఖమలు సోఫా కుక్కలది, వచ్చినవాళ్ళు కుర్చీ వెతుక్కోవాలి. దొరసాని కాళ్ళకి మాత్రం ఎప్పుడూ చనిపోయిన భర్త బూట్లే.

ఆవిడకి పట్టింపులు రెండు. ఒకటి, ఎవరినైనా మూడో మనిషి పరిచయం చెయ్యందే పలకరించకూడదు. ఆ దేశంలో గొప్పింటివాళ్ళందరికీ ఆ పట్టింపు ఉన్నదే గాని, ఈవిడది మరీ ముదిరింది. పడుచుతనంలో ఒకసారి తోటలో కొలనులో జారిపడితే, దారినపోయే పెద్దమనిషెవరో పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించాడట. ఆవిడ నడుంలోతు నీళ్ళలో నిలబడి తోటమాలిని కేకేసి, "ముందు వీరెవరో చెప్పు" అన్నదట. తరువాత ఆయన్నే పెళ్ళాడింది. ఆ బూట్లు ఆయనవే.

రెండో పట్టింపు, కొన్న బొమ్మని ఫలహారాల గదిలో తగిలించి ఏడాదిపాటు దానితో కాపురం చెయ్యాలి. ఏడాది నిండేదాకా దాన్ని గురించి ఒక్క ముక్క రాయకూడదు. రోజూ పొద్దున్నే గుడ్డు పగలగొట్టేముందు ఆవిడ గోడమీది బొమ్మవైపు తిరిగి, "రాత్రి బాగా నిద్రపట్టిందా అమ్మా?" అని అడిగేది. ఆంబ్రోస్ ఆ బొమ్మకి వీపు పెట్టి కూచుని, రొట్టెకి వెన్న రాసుకుంటూ, ముసలావిడకి మతి పోతోందని జాలిపడేవాడు.

ఎందుకంటే అతని విద్య వేరు. అతను బొమ్మల వీపులు చదువుతాడు. బొమ్మ వేసిన చెక్కని వెనక్కి తిప్పి, ఏ ప్రభువు లక్కముద్ర ఉంది, ఏ రకం రంపంతో కోశారు, మేకులు ఏ కాలంనాటివి, పురుగు ఎటునుంచి తొలిచింది, ఇవన్నీ భూతద్దం పెట్టి చూసి, ఎవరు వేశారో ఎప్పుడు వేశారో చెప్పేస్తాడు. అతను చెప్పింది ఒక్కసారీ తప్పు కాలేదు. అదీ చిక్కు. తప్పులు చేసేవాడికైతే ఎవరైనా బుద్ధి చెప్పగలరు.

ఇంతలో పట్నంలో ఒక పెద్ద చిత్రశాలకి అధికారి కావాలన్నారు. ఆంబ్రోస్ ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే. చిత్రశాల పెద్ద సర్ లెనార్డ్ పిమ్ దొరసానికి చిన్ననాటి స్నేహితుడు. ఆవిడ సరేనంటే తనకీ సరేనన్నాడు. ఆదివారం టీకి వస్తున్నాడు.

"దొరసానిగారూ, నా గురించి ఒక్క మాట చెప్పండి, చాలు," అని బతిమాలాడు ఆంబ్రోస్.

"నేనెందుకు? ఈ గదిలో బొమ్మ గురించి నువ్వే చెప్పు. విని ఆయనే తేల్చుకుంటాడు."

"మరి ఏడాది నిండలేదు కదండీ?"

"నాకు నిండలేదబ్బాయ్. నీకు అక్కర్లేదంటావుగా!"

ఆదివారం ఆంబ్రోస్ ఫలహారాల గదిలో అడుగుపెట్టేసరికి బొమ్మ ముఖం గోడవైపు, వీపు గదిలోకి తిరిగి ఉంది. మరొకడైతే తెల్లబోయేవాడు. ఆంబ్రోస్ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి ముసలావిడ బొమ్మని సరిగ్గా తగిలించింది!

ఇక అందుకున్నాడు. లక్కముద్రలు అయ్యాయి, మేకులు అయ్యాయి, పురుగుల దగ్గరికొచ్చేసరికి పూనకం వచ్చినట్టే అయింది. కుక్కలు నిద్రపోయాయి. సర్ లెనార్డ్ కేకు తింటూ, "అద్భుతం" అన్నాడు. కేకునో ఉపన్యాసాన్నో తెలియలేదు.

చివరికి ఆయన మీసాలు తుడుచుకుని, "అంతా బాగుంది నాయనా. ఇంతకీ అవతలివైపు ఏముంది?" అన్నాడు.

"అవతలా?" దొరసాని రోజూ 'అమ్మా' అని పలకరించడం ఆంబ్రోస్‌కి గుర్తొచ్చింది. "ఒక స్త్రీ అండి."

"ఏం చేస్తోంది?"

ఆ బొమ్మ వేసిన కాలంనాటి చిత్రాల్లో ఆడవాళ్ళు నూటికి తొంభైమంది కిటికీ దగ్గర నిలబడి ఉత్తరం చదువుకుంటూ ఉంటారు. ఆంబ్రోస్ ఆ ధైర్యంతోనే, "ఉత్తరం చదువుకుంటోందండి" అనేశాడు.

దొరసాని బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళి బొమ్మని తిప్పింది.

లావుపాటి ఆడమనిషి ఒకతె ఒంటికాలిమీద నిలబడి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో జోడు బోర్లించి, అందులో దూరిన రాయిని దులుపుకుంటోంది. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఉత్తరం లేదు. కిటికీ అంతకన్నా లేదు.

సర్ లెనార్డ్ నవ్విన నవ్వుకి కుక్కలు లేచి మొరిగాయి. ఆంబ్రోస్ తల దించుకున్నాడు. ఉద్యోగం పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు.

"ఏమంటావు, హొనోరియా?" అన్నాడు సర్ లెనార్డ్, కళ్ళు తుడుచుకుంటూ.

"వచ్చే వసంతంలో అడుగు, చెబుతాను. అందాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంటే మీ చిత్రశాలేం కూలిపోదు."

ఆయన బండి గేటు దాటగానే ఆంబ్రోస్ దుఃఖం ఆపుకోలేకపోయాడు. "ఆయన ముందు నన్ను నవ్వులపాలు చేశారు. నేను చెప్పినదాంట్లో తప్పేముందండీ?"

"ఉత్తరం తప్ప ఏమీ లేదు," అన్నది దొరసాని. "తప్పు నాది. ఇంత మర్యాద తెలిసినదాన్నై ఉండి, చెయ్యాల్సిన పని మరిచాను."

సోఫా మీంచి కుక్కల్ని దించింది. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు. సోఫాని బొమ్మకెదురుగా జరిపించి, అతన్ని కూచోబెట్టి, టై సరిచేసి, చేతికి టీ కప్పు ఇచ్చింది. తరువాత బొమ్మవైపు తిరిగి తల వంచింది.

"అమ్మా, వీరు ఆంబ్రోస్ టిల్లీ గారు. మీ వీపు బాగా ఎరుగుదురు. టిల్లీ గారూ, ఈవిడ పేరు నాకూ తెలియదు. అడిగితే బాగుండదని ఊరుకున్నాను."

కుక్కల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆంబ్రోస్ చాలాసేపు కోపంగా కూచున్నాడు. ఎదురుగా చూడటానికి ఇంకేమీ లేక ఆ మనిషినే చూశాడు. జోడు చూశాడు. చిరిగిన మేజోడు చూశాడు. అప్పుడు కనబడింది, ఆవిడ కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టుకుని ఉంది. నవ్వు ఆపుకుంటోంది. ఎదురుగా ఎవరో ఉంటేనే మనిషి అలా ఆపుకుంటుంది. అతను సోఫా అంచుకి జరిగాడు.

చీకటి పడుతుండగా దొరసాని దీపం పట్టుకుని వచ్చింది. ఆంబ్రోస్ చేతిలో టీ ముట్టకుండా అలాగే ఉంది.

"ఏమంటోంది?" అని అడిగింది గుమ్మంలోంచి.

ఆంబ్రోస్ తల తిప్పకుండానే పెదవులమీద వేలు పెట్టి, "ష్!" అన్నాడు.

ఆ జిల్లా మొత్తంమీద ఆవిణ్ణి నోరు మూసుకోమన్నవాడు అంతవరకు లేడు. దొరసాని దీపం గుమ్మం దగ్గర దించి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.