ఓక్ తోపుకు కంచె పడిన ఏడు

అమెరికా తూర్పు తీరానికి ఇంగ్లండు ఓడలు ఇంకా రాని రోజుల్లో, ఏటి మలుపు దగ్గర ఓ పెద్ద ఓక్ తోపు ఉండేది. చలికాలం ముందు కాయలు జలజలా రాలేవి. దుప్పులు తినేవి, ఎలుగులు తినేవి. ఏటి ఒడ్డు పల్లెవాళ్ళు బుట్టలకెత్తుకుని, మిగతావి అడవికే వదిలి వెళ్ళేవాళ్ళు. ఆ రోజులు గుర్తొస్తే, అక్కడ తిరిగిన ఓ దుప్పికి ముసలిదైన ఇప్పటికీ నోరు ఊరుతుంది.

ఒక వేసవిలో ఓడ వచ్చింది. దిగినవాళ్ళు దుంగలు పాతి కోట కట్టుకున్నారు. విత్తనాలు అదను తప్పి వేశారు. మంచు పడేసరికి తిండి అయిపోయింది. కోళ్ళు అయ్యాయి, మేకలు అయ్యాయి, ఇక పందుల వంతు. మార్జరీ అనే ఆడపంది ఆ సంగతి పసిగట్టి, నాలుగు పిల్లలతో దుంగల సందులోంచి దూరి, మంచులో పడి తోపు దాకా వచ్చింది.

"అక్కా, తిండి ముట్టి మూడు రోజులైంది," అంది దుప్పిని చూసి.

"అయ్యో, పసివాళ్ళను వేసుకుని ఇంత చలిలోనా!" దుప్పి గిట్టతో మంచు గీకి కింద కాయలు చూపించింది. "తవ్వుకోవే. ఆ పడిపోయిన మాను చాటున పడుకోండి, గాలి తగలదు."

చలికాలమంతా పందిపిల్లలు దుప్పి పొట్టకు ఆనుకునే పడుకున్నాయి. దుప్పి సొంత కూనను ఆ ఏడే తోడేలు ఎత్తుకుపోయింది. ఆ వెచ్చదనం దుప్పికీ కావలసే ఉంది.

మంచు కరిగాక మార్జరీ అడిగింది. "అక్కా, ఈ తోపు ఎవరిది?"

దుప్పికి నవ్వొచ్చింది. "ఎవరిదేమిటే? ఎవరిదీ కాదు."

"ఖాయమేనా?"

"ఖాయమే. ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతావు?"

"ఊరికేనక్కా."

కొమ్మ మీది ఉడుత తోక విదిలించింది. "పెద్దమ్మా, కోటలో పెరిగినవాళ్ళు ఏదీ ఊరికే అడగరు."

"పోవే, దానికి నేనంటే ప్రాణం," అంది దుప్పి.

ఆ సాయంత్రమే మార్జరీ కోట గుమ్మంలో దొర ఎదుట నిలబడింది. "నన్ను కొయ్యకండి దొరా. కోస్తే ఒక్క పూట గడుస్తుంది. ఎవరిదీ కాని తోపు ఒకటి చూపిస్తాను, అక్కడ మేపితే మందలే పెరుగుతాయి."

దొరకు ఆ మాట నచ్చింది.

ఆ వేసవిలో దుప్పికి మళ్ళీ కూన పుట్టింది. కాయలు రాలే వేళకు దాన్ని వెంటబెట్టుకుని తోపుకు వస్తే, చుట్టూ నిలువెత్తు కంచె! లోపల మార్జరీ కాయలు నములుతోంది.

"ఇదేమిటే? దారివ్వు, పిల్ల ఆకలిమీదుంది."

పంది తలెత్తలేదు. "నేనేం చేసేదక్కా? ఎవరిదీ కాదని నువ్వే చెప్పావు. మావాళ్ళు తీసుకున్నారు."

"ఎవరిదీ కాదంటే అందరిదీ అనే కదే!"

"ఆ మాట నువ్వు అనలేదుగా."

ఒక పందిపిల్ల మాత్రం కంచె దాకా వచ్చి, సందులోంచి మూతి పెట్టి దుప్పి కాలు వాసన చూసింది. తల్లి గద్దించేసరికి వెనక్కి పోయింది.

దుప్పి కూనతో ఏరు ఈది, ఆకూ అలమూ దొరకని అవతలి గట్టెక్కింది. దారి పొడుగునా కూన ఆ తోపు గురించి అడుగుతూనే ఉంది, అమ్మ చెబుతూనే ఉంది: ఆ తోపులోకి కూనలు వస్తుంటే ఎలుగుబంట్లు సైతం పక్కకు జరిగేవని.

అందరిదీ అయినదాన్ని ఎవరిదీ కాదని చెప్పినవాళ్ళకు, చివరికి దాన్ని తలుచుకోవడమే మిగులుతుంది.